అక్క చూసిన తమ్మిలేరు

పదకొండేళ్లపాటు మా ఇంటి పెరటివైపు కిటికీ తెరవలేదు. ఏలూరులో తమ్మిలేరు గట్టును ఆనుకుని ఉంటుంది మా ఇల్లు. స్థలం చూపించిన రోజున మావారు, "ఏటి ఒడ్డున ఇల్లంటే రాసిపెట్టి ఉండాలి," అన్నారు. గృహప్రవేశం వైశాఖంలో జరిగింది. అప్పుడు ఏట్లో నీళ్లు లేవు. ఊరి మురుగంతా కలిసి నల్లగా, సన్నగా, ఏ తొందరా లేకుండా కదులుతోంది. పందులు అందులో పడుకుని ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా చుట్టాలు ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకుని పులిహోర తిన్నారు. ఆ సాయంత్రమే కిటికీ మూసి, దానికి అడ్డంగా బీరువా పెట్టించాను. ఎవరైనా మా ఇంటి గుర్తు అడిగితే ఏటి పేరు ఎత్తేదాన్ని కాదు. వీధి మొదట్లో ఉన్న రేషన్ షాపు చెప్పేదాన్ని.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి క్లాసులో పిల్లలు, స్టాఫ్ రూములో టీచర్లు, ఇంట్లో మావారు ఎవరికి వారే కనిపెట్టి ఒకే నిర్ధారణకి వచ్చారు. ఆయన ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే రైలెక్కి చీకటిపడే వేళకి దిగుతారు కాబట్టి ఆయన వంతు కొంచెం తక్కువ. తప్పు లెక్క చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంతకంటే, తప్పని తెలిసీ మొహమాటానికి ఒప్పేసుకునేవాళ్లని చూస్తే ఇంకా మండుతుంది.

ఆ బీరువాని జరిపించింది మా అక్క.

మేం పుట్టింది కొల్లేట్లో ఒక లంక ఊళ్లో. నాన్న చేపలు పట్టేవాడు. నాకు మూడేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటికి అక్కకి పదకొండేళ్లు. అక్కడితో తన బడి ఆగిపోయింది. నేను బడికి వెళ్లే వయసొచ్చాక, రోజూ దోనె మీద నన్ను కూర్చోబెట్టుకుని, గెడ వేసుకుంటూ గట్టుదాకా దింపేది. మళ్లీ సాయంత్రం వచ్చేది. దోనె అంటే తాటిమొద్దు తొలిచి చేసిన పడవ. కొంచెం అటూ ఇటూ కదిలితే బోల్తా కొడుతుంది. "కదలకే, ఎక్కాలు చెప్పుకో," అనేది అక్క. తనకి ఎక్కాలు రావు. నేను తప్పు చెప్పినా తెలిసేది కాదు. అయినా చెప్పించుకునేది. నేను టీచరునయ్యానంటే ఆ దోనె వల్లే.

అక్కని కలిదిండి వైపు ఇచ్చారు. పెళ్లినాటికి బావగారిది కూడా చేపల వేటే. తర్వాత చుట్టూ పొలాలూ మడుగులూ అన్నీ చేపల చెరువులైపోయాక, ఒక రైతు దగ్గర చెరువులు చూసే పనిలో కుదిరారు. పొద్దునా సాయంత్రం మేత వేయడం, నీటి రంగు చూడడం, చేపలు గాలి అందక పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే పరుగెత్తి మోటారు వేయడం. ఒక్కపూట మనిషి లేకపోతే తెల్లారేసరికి చెరువు మొత్తం చచ్చి పైకి తేలుతుంది. వాళ్లకి పిల్లలు లేరు. చెరువు గట్టు మీద షెడ్డే వాళ్లకి ఇల్లు.

నిరుడు అక్క కాళ్లు వాచాయి. ఉప్పు తగ్గించింది. మొహం వాచింది. పసరు తాగింది. ఆయాసం వచ్చాక బావగారు ఏలూరు తీసుకొచ్చారు. కిడ్నీలు రెండూ పనిచేయడం లేదని చెప్పారు. ఎందుకని అడిగితే బీపీ అన్నారు. తనకి బీపీ ఉందని అక్కకి అప్పటిదాకా తెలియదు.

డాక్టరుగారు నాతో, బావగారితో చాలా నిదానంగా మాట్లాడారు. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి, ఒక్కసారి కూడా తప్పకూడదు. ఒంట్లోకి వెళ్లిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి, అన్నీ కలిపి రోజుకి ముప్పావు లీటరు మించకూడదు. "ఈ రెండూ పాటిస్తే ఏళ్ల తరబడి ఉంటారు. పాటించకపోతే మాత్రం నేను మాట ఇవ్వలేనండి," అన్నారు. ఇంకా చాలా చెప్పారు. పళ్లు వద్దు, ఉప్పు వద్దు, పప్పు తగ్గించాలి, ఆకుకూర ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. కానీ నా చెవిలో నిలిచింది ఆ ముప్పావు లీటరే. అంకె కదా.

అలా చైత్రమాసంలో అక్క మా ఇంటికి వచ్చింది. కలిదిండి నుంచి వారానికి మూడుసార్లు రావడం కుదరదు. బావగారు చెరువు వదిలి రావడం కుదరదు. మంగళ, గురు, శనివారాలు తెల్లవారుజామునే ఆటోలో నేను దింపేదాన్ని. నేను స్కూల్లో ఉండగా అదే ఆటో అతను ఇంటికి తెచ్చి దింపేవాడు.

లాబ్ సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్లి ఒక కొలజాడీ కొన్నాను. పిల్లలకి ఘనపరిమాణం చెప్పడానికి వాడతామే, ఒంటి నిండా గీతలుంటాయి, అది. కాఫీ, మజ్జిగ, చారు, మాత్ర వేసుకునే గుక్కెడు నీళ్లు, అన్నీ అందులోంచే. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొల్లేట్లో పుట్టినదాన్నే. నాకు నీళ్లు కొలిచి పోస్తావా?"

"పోస్తాను. గుక్క ఎక్కువైనా ఊరుకోను."

"ఊరుకోవులే," అంది. నవ్వింది గానీ ఆ నవ్వులో నీరసం ఉంది.

అక్కకి ఇచ్చింది ఆ బీరువా గది. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోరోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి నైటీ అంతా చెమటతో తడిసిపోయి ఉంది. బీరువా వెనక కిటికీ ఉందా అని అడిగింది. ఉందని, తెరిస్తే మురుక్కాలవ కంపు కొడుతుందని చెప్పాను. "మరేం పర్లేదు, చూస్తాను," అంది. ఆదివారం మావారు, పక్కింటాయన కలిసి బీరువా జరిపారు. గడియ తుప్పుపట్టి సుత్తితో కొడితే గానీ రాలేదు. తలుపు తెరవగానే నేను ముక్కు మూసుకున్నాను.

అక్క మంచం మీద కూర్చుని చాలాసేపు బయటికి చూసింది.

"ఇది ఎటు పోద్దే?"

"ఎటేంటి, కొల్లేరుకే."

"మరి మురుక్కాలవ అంటావేంటి? మనూరికి పోయే నీళ్లు."

నాకు చిరాకు వచ్చింది. ఏలూరు వాళ్లం ఇక్కడ పారబోసేదంతా అక్కడ తేలుతుందన్నమాట, అది గొప్పా అని అడిగాను. చిన్నప్పటి నుంచీ అంతే, నేను గొంతు పెంచితే అక్క మాట మార్చేది.

"ఆ అంచున ఎర్రకాళ్ల పిట్టలు చూశావా? ఉల్లంకులు. ఎన్నేళ్లయింది ఇంత దగ్గర్లో చూసి," అంది.

చూశాను. అగ్గిపుల్లల్లాంటి కాళ్లతో నాలుగు పిట్టలు ఆ నల్లబురదలో ఆచితూచి నడుస్తున్నాయి. బురద అంటుకోవడం లేదు వాటికి. అంతకు మించి నాకేమీ అనిపించలేదు. దోమలు వస్తాయని ఆరింటికల్లా కిటికీ మూసేశాను.

ఆ వేసవంతా అక్కకి ఆ కిటికీయే కాలక్షేపం. మేం ఇద్దరం బయటికి వెళ్లిపోతే ఇంట్లో తను, ఏరు. మధ్యాహ్నం ఒంటిగంటకి బావగారు మేత పని ముగించుకుని షెడ్డులో కూర్చుంటారు. ఆ వేళకి అక్క ఫోన్ చేసేది. సెలవుల్లో ఇంట్లో ఉండి విన్నాను ఆ మాటలు. ఒంట్లో ఎలా ఉందని ఆయన అడిగితే, "బానే ఉందండీ" అని ఒక్కమాటలో తేల్చేసి ఏటి కబుర్లలోకి దిగేది. అవతలి గట్టు మీద తుమ్మ పూసిందని, ఇసుకలో కుక్క గొయ్యి తీస్తే ఊటనీరు వచ్చిందని, దాంట్లో పిచ్చుకలు మునుగుతున్నాయని. పదకొండేళ్లు నేను ముక్కు మూసుకున్న చోట ఇన్ని జరుగుతున్నాయా అని నాకు ఒకపక్క సిగ్గు, ఒకపక్క ఉక్రోషం. పూర్తిగా నమ్మలేదు కూడా. రోగిష్టి మనిషి పొద్దుపోక కల్పిస్తోందేమో అనుకున్నాను.

ఒకరోజు తను నిద్రపోతుంటే వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. తుమ్మ నిజంగానే పూసింది. పసుపు పూలు. ఇసుకలో గొయ్యి కూడా ఉంది.

శ్రావణం మొదట్లో ఒక సాయంత్రం స్కూలు నుంచి రాగానే అక్క, "రేపు నీళ్లొస్తాయి," అంది.

"ఎవరు చెప్పారు?"

"వాసన మారింది. పైన ఎక్కడో మట్టి తడిసింది."

ఏలూరులో చినుకు లేదు. ఆకాశం నున్నగా ఉంది. వాతావరణ శాఖలో ఉద్యోగం ఇప్పిస్తాలే అని ఎగతాళి చేశాను. తెల్లవారి కాఫీ కలుపుతుంటే ఏదో రొద వినిపించింది. ట్యాంకు నిండి పొర్లుతోందేమోనని మేడ మీదికి పరుగెత్తాను. ట్యాంకు కాదు. చింతలపూడి వైపు కురిసిన వానంతా రాత్రికి రాత్రి దిగివచ్చింది. అక్కడి ఎర్రమట్టి కలిసి, ఒడ్డు నుంచి ఒడ్డుకి కాగిన నెయ్యి మడ్డి రంగులో నీళ్లు పోతున్నాయి. నల్లపాయ లేదు, పందులు లేవు, కంపు లేదు. ప్లాస్టిక్ సంచులు, చెప్పులు, చెయ్యి విరిగిన కుర్చీ ఒకటి, మేం ఊరు ఊరంతా ఏళ్లుగా విసిరిందంతా వరసకట్టి కొల్లేరుకి పోతోంది. దాని వెనక వచ్చే నీళ్లు మాత్రం శుభ్రంగా, బరువుగా ఉన్నాయి. నేను మేడ మీద అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

కిందికి వచ్చేసరికి అక్క మంచం దిగి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. తనంతట తాను నిలబడి వారం అయింది.

"ఎదురెక్కుతున్నాయే. చూడు, అదిగో."

ప్రవాహానికి అడ్డంగా ఏదో తళుక్కుమంది. మళ్లీ ఇంకోటి. కొల్లేటి చేపలు కొత్తనీటి రుచికి ఏటికి ఎదురెక్కి వస్తున్నాయి. వంతెన మీద అప్పటికే జనం వలలు పట్టుకుని పిట్టగోడకి ఆనుకున్నారు. ఆ క్షణంలో అక్క మొహం అరవయ్యేళ్లదిలా లేదు. దోనె మీద గెడ వేస్తున్న పిల్ల మొహంలా ఉంది. ఆ ఏరు అందంగా ఉందని నేను మొదటిసారి ఒప్పుకున్నది ఆ పొద్దున. పైకి మాత్రం అనలేదు.

ఆ రోజు శుక్రవారం. అంటే మిషనుకి ఇంకా ఒకరోజు ఉంది. సాయంత్రానికి అక్క పెదాలు ఎండి పొరలు లేచాయి. అన్ని నీళ్లు కళ్ల ముందు పోతుంటే, ఆరోజు వాటా ఎప్పుడో అయిపోయింది.

"ఒక్క గుక్కే. గొంతు తడవడానికి," అంది.

"వద్దు."

"సగం గుక్క."

"చచ్చిపోతావ్, తెలుసా?" అని అరిచాను. మావారు హాల్లోంచి లేచి వచ్చారు. అక్క ఆయనకేసి చూసి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి, అటు తిరిగి పడుకుంది. తడిగుడ్డ తెచ్చి పెదాల మీద అద్దాను. క్షమించమని అడగాలనిపించింది. అడగలేదు. నేను చేస్తున్నది సరైన పనేనని నాకు గట్టి నమ్మకం ఉండేది. అరిచినందుకు బాధ ఉంది గానీ, ఆ నమ్మకం దాన్ని నొక్కేసింది.

భాద్రపదంలో రెండుసార్లు ఏరు పొంగి మా పెరటి గోడ కింది వరుస ఇటుకలు తడిపి వెనక్కి వెళ్లింది. వెళుతూ వెళుతూ ఒండ్రు వదిలింది. ఆ ఒండ్రులో రెల్లు మొలిచి ఆశ్వయుజానికి పూసింది. దసరా సెలవులు పదిరోజులూ నేను అక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పెరటి గుమ్మం మెట్టు మీద తను, కుర్చీలో నేను. గాలి వీచినప్పుడు గట్టు పొడుగునా రెల్లు తెల్లగా ఒకేవైపు వంగేది. కేబుల్ తీగ మీద లకుముకిపిట్ట కూర్చుని, ఉన్నట్టుండి రాయి విసిరినట్టు నీళ్లలో పడేది. తూటిపొదలు ఊదారంగు పూలతో నిండిపోయాయి. నీళ్లకి పొద్దున ఎనిమిదింటికి ఒక రంగు, సాయంత్రం అయిదింటికి ఒక రంగు. వీటన్నిటికీ పేర్లు చెప్పేది అక్క. నేను మర్చిపోతే మళ్లీ చెప్పేది. చిన్నప్పుడు తనకి రాని ఎక్కాలు నాచేత చెప్పించినామె, ఇప్పుడు తనకి వచ్చినవి నాకు నేర్పుతోందనిపించింది. నాకు చాలా సంతోషంగా ఉండేది. వెంటనే భయం వేసేది. తన ఒంటి రంగు నెలనెలకీ నల్లబడుతోంది. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి.

మిషను సూదుల కోసం ఎడమచేతి నరాలు ఆపరేషన్ చేసి కలిపారు. అక్కడ చర్మం కింద రక్తం జోరుగా పారుతూ ఉంటుంది. ఒకరోజు నా చెయ్యి తీసి దాని మీద పెట్టింది. వేళ్ల కింద సన్నగా వణుకుతున్నట్టు అనిపించింది.

"ఏరులా లేదూ?" అంది.

చెయ్యి లాగేసుకోవాలనిపించినా లాక్కోలేదు.

అక్క ఎవరికీ ఏదీ వద్దనేది కాదు. మావారు ఒకసారి ఉప్మా చేస్తే జీడిపప్పు తినకూడదని తెలిసినా నాలుగు పలుకులు పక్కకి పెట్టలేక మింగేసింది. నేను చూసి ఆయన్ని తిట్టాను. తనని తిట్టలేదు. వడ్డించినవాళ్ల మనసు నొప్పించడం అక్కకి తిండి కంటే పెద్ద విషయం. మా వైపు ఆడవాళ్లు అందరూ అంతేనని సరిపెట్టుకున్నాను.

కార్తీకం వచ్చేసరికి నీళ్లు తేరుకున్నాయి. అడుగున ఇసుక కనపడేంత. తెల్లవారుజామున ఏటి మీద పొగమంచు మోకాలెత్తున నిలబడేది. మూడో సోమవారం నాడు దీపం వదులుదామని అక్క అడిగింది. పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ ఏట్లోకి దిగలేదు. ఆ పొద్దున అక్కని భుజం పట్టి మెట్లు దింపాను. అరటిదొప్పలో వత్తులు వెలిగించి నీళ్ల మీద పెట్టాను. దొప్ప కాసేపు అక్కడే తిరిగి, ధార అందుకుని వెళ్లిపోయింది. వంతెన కింద ఇంకా ఎవరెవరివో దీపాలు కలిశాయి. అక్క నీళ్లలోకి వంగి చెయ్యి ముంచింది. ముంచిన చేతిని తలమీద తుడుచుకుంది. నోటి దగ్గరికి మాత్రం తీసుకెళ్లలేదు. నేను చూస్తున్నానని కాబోలు.

అది చూశాక నాకు మనసు ఆగలేదు. శనివారం మిషను ఎక్కిన మనిషి మళ్లీ మంగళవారమే ఎక్కాలి. సోమవారం అంటే అన్నిటికంటే దాహం ఎక్కువ ఉండే రోజు. పైగా నేను ఉపవాసం, తను కూడా పొద్దున్న ఏమీ ముట్టలేదు. తనని ఇంట్లో కూర్చోబెట్టి వంతెన పక్క బండి దగ్గరికి వెళ్లాను. లేత కొబ్బరిబోండాం ఒకటి కొట్టించి తెచ్చాను. మా ప్రాంతంలో జ్వరమొచ్చినా, బాలింతకైనా, ఆసుపత్రిలో మనిషిని చూడబోయినా బోండామే పట్టుకెళ్తాం. చలవ చేస్తుందని, అంతకంటే సాధువైనది లేదని పుట్టినప్పటి నుంచీ వింటున్నాం.

నేను ఆదమరిచి ఇవ్వలేదు. కొలజాడీలో పోశాను. గీతకి కళ్లు సమంగా పెట్టి చూశాను. నీళ్లవాటాలోంచి అంతా తీసేశాను. పళ్లు వద్దన్నారు, ఇది పండు కాదు. ఉప్పు వద్దన్నారు, ఇందులో ఉప్పు లేదు. ఇవి నీళ్లు, నీళ్లకి నా దగ్గర కొలత ఉంది. గ్లాసు చేతికిస్తూ, "కంగారు లేదు, లెక్కలోదే, హాయిగా తాగు," అన్నాను.

అక్క గ్లాసుకేసి చూసింది. నాకేసి చూసింది. తర్వాత కళ్లు మూసుకుని, మధ్యలో ఆపకుండా తాగింది. ఆ ఏడాది మొత్తంలో తను గ్లాసు నిండా తాగడం చూసింది అదొక్కసారే. "అమ్మయ్య," అంది. నేను చీర మార్చుకుని స్కూలుకి వెళ్లిపోయాను. ఆ రోజు క్లాసులో ఎవరి మీదా కోప్పడలేదు.

సాయంత్రం వచ్చేసరికి కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయంది. పొద్దున మెట్లు దిగినందుకేనని కాళ్లు పట్టాను. తెల్లవారి ఆటో వచ్చేసరికి లేవలేకపోయింది. మావారు, ఆటో అతను కలిసి ఎత్తి కూర్చోబెట్టారు. వంతెన దాటేటప్పుడు నా భుజం మీద తల వాల్చి ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర పిలిస్తే పలకలేదు. లోపలికి తీసుకెళ్లారు. అరగంట తర్వాత డ్యూటీ డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్నపిల్ల, మా స్కూల్లో చదివే పిల్లలకి అక్కలా ఉంది. ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయిందని చెప్పి, నిన్న ఏం తిన్నారని అడిగింది. చెప్పాను. బోండాం మాట వచ్చేసరికి రాస్తున్న పెన్ను ఆపింది. "కిడ్నీలు లేనివాళ్లకి అది ఇవ్వకూడదు కదండీ. పళ్లకంటే అందులోనే ఎక్కువ," అంది. ఎంతిచ్చారని అడిగింది. మిల్లీలీటర్లతో సహా చెప్పాను. నా కొలత తప్పలేదు.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మావారికీ చెప్పలేదు. దినవారాల్లో బావగారు పీట మీద కూర్చుని ఉంటే ఆయన ముందు నుంచి నడవకుండా చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది, నన్ను పెంచినది, నా చేతిలో గ్లాసు తాగి పోయింది. రోజూ దీన్నే తిప్పి తిప్పి అనుకునేదాన్ని.

ఏరు మాత్రం ఆగలేదు. మార్గశిరంలో పొగమంచు ఇంకా చిక్కబడింది. పుష్యంలో ఎక్కడి నుంచో కొత్త బాతులు దిగాయి. బూడిదరంగువి, చిన్నవి, గుంపుగా మా పెరటి ఎదురుగా ఈదేవి. వాటి పేరేమిటో చెప్పే మనిషి లేదు. ఆ అందం చూస్తుంటే నాకు పట్టరాని కోపం వచ్చేది. కిటికీ మూసేద్దామని రెండుసార్లు లేచాను. మూయలేకపోయాను. ఒకసారి చూడ్డం వచ్చాక మళ్లీ మురుక్కాలవ అనుకోవడం నా వల్ల కాలేదు.

మాఘంలో ఒక ఆదివారం బావగారు వచ్చారు. చెరువు పట్టుబడి అయిపోయింది, మళ్లీ చేపపిల్ల వదిలేదాకా నాలుగు రోజులు ఖాళీ అన్నారు. కాఫీ తాగి, "అమ్మాయ్, మీ అక్క కూర్చునే చోటేదో చూపిస్తావా?" అని అడిగారు.

పెరటి మెట్టు చూపించాను. అక్కడ కూర్చున్నారు. నేను చూపించకుండానే ఆయనకి అన్నీ తెలుసు. అవతలి గట్టు తుమ్మ, కేబుల్ తీగ, రెల్లు మొలిచిన ఒండ్రు, వరసగా ఒక్కొక్కటీ కళ్లతో వెతుక్కున్నారు. నీళ్లు తగ్గి ఇసుక దిబ్బలు తేలుతున్నాయి. ఆ మనిషి అలా వెతుక్కుంటుంటే ఇక దాచడం నా చేతకాలేదు.

"బావగారూ, మీకో మాట చెప్పాలండి. ఆ సోమవారం పొద్దున అక్కకి బోండాం నీళ్లు నేనే ఇచ్చానండి. ప్రాణం తీసింది అదేనన్నారు ఆసుపత్రిలో. ఇవ్వకూడదని నాకు తెలీదండి."

ఆయన ఏటి మీద నుంచి చూపు తిప్పలేదు.

"తెలుసమ్మా. ఆ మధ్యాహ్నం ఫోన్‌లో చెప్పింది."

నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

"నువ్వు కొలిచి మరీ ఇచ్చావంట. ప్రాణం లేచొచ్చినట్టుంది అంది. అవి తాగకూడదని నర్సమ్మ చెప్పిందన్నావు కదే అని అడిగాను. మొదటి వారంలోనే చెప్పిందంట ఆవిడ. 'తెలుసండీ. పొద్దున్నే పోయి తెచ్చి చేతికిచ్చింది. ఎంత సంబరపడిందో. వద్దని ఎలా అనేది?' అంది. దాహం కూడా ఉందిలే మరి. 'మీరు దానికి చెప్పకండి, స్కూల్లో ఉంది, బాధపడుద్ది. తెల్లారితే ఎలాగూ మిషనెక్కుతాను' అంది."

కండువా కొస వేళ్లకి చుట్టుకుంటున్నారు.

"నీకు ఫోన్ చేద్దామని తీశానమ్మా. నంబరు కూడా నొక్కాను. మళ్లీ నువ్వు ప్రేమగా ఇచ్చిందాన్ని ఎత్తిచూపినట్టు ఉంటదేమోనని కట్ చేశాను. ఇంత చేస్తున్నావు మాకు. ఏమని అనను? ఆ రోజు నుంచీ నిద్రపట్టడం లేదు."

నాకు ఒక్కసారిగా ఒళ్లు మండిపోయింది. మీ ఇద్దరి మర్యాద తగలెయ్య అని అరవాలనిపించింది. ఆ మొహమాటానికి ఒక మనిషి ప్రాణం పోయిందని మొహం మీద అనాలనిపించింది. అప్పుడాయన నాకేసి తిరిగారు.

"నేను ఆ ఫోన్ చేసుంటే బతికేదా అమ్మా? నువ్వు చదువుకున్నదానివి. చెప్పు."

జవాబు నాకు తెలుసు. ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాలు. ఒంటిగంటకి నాకు తెలిసి ఉంటే రెండింటికల్లా అక్క మిషను మీద ఉండేది.

"లేదు బావగారూ," అన్నాను. "అప్పటికే ఆలస్యమైపోయిందండి. మీరు చేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే."

ఆయన తల ఊపారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. తర్వాత భోజనానికి లేవమంటే లేచారు. వడ్డించిందంతా తిన్నారు.